తోక పట్టుకుని చదవండి: గ్రాఫు వ్యాకరణంతో తెలుగు వాక్యాన్ని విడదీయడం ఎలా

జూన్‌లో కాలువలు వదిలిన దగ్గర్నుంచి గోదావరి డెల్టాలో ఫోన్లన్నిటా ఒకే రకం కబుర్లు తిరుగుతాయి. "లస్కరు మా బోదెకు నీళ్లు వదల్లేదండి", "వర్షం పడి గట్టు తెగింది", "శివారు చేలకు ఇంకా నీళ్లు ఎక్కలేదు". (లస్కరు అంటే కాలువ నీళ్లు వదిలే మనిషి, బోదె అంటే చేలకు నీళ్లు తెచ్చే చిన్న కాలువ, శివారు అంటే కాలువ చివరి భాగం.) ఇవి వందల్లో వచ్చిపడితే ఎవరు, దేన్ని, ఎక్కడ, ఎప్పుడు అన్న నాలుగు గళ్ల పట్టికలోకి ఎక్కించడం మనిషికి విసుగు పని. కంప్యూటరు చేత చేయించవచ్చు. పెద్ద భాషా మోడల్‌కి ఇచ్చేస్తే పోలేదా అంటే, ఇవ్వొచ్చు. కాకపోతే అది తప్పు చేసినప్పుడు ఎక్కడ చేసిందో వేలు పెట్టి చూపలేం. గ్రాఫు వ్యాకరణంలో అయితే ఫలానా గీత ఫలానా నియమం వల్ల పడిందని తెలుస్తుంది, ఆ ఒక్క నియమాన్ని దిద్దితే సరిపోతుంది.

పద్ధతి ఇది. వాక్యంలో ప్రతి మాటా ఒక నోడు, అంటే గ్రాఫులో ఒక చుక్క. ఒక మాట ఇంకో మాట మీద ఆధారపడితే రెండిటి మధ్య బాణం గీత, ఆ గీతకు కర్త, కర్మ, అధికరణం (పని జరిగిన చోటు) లాంటి పేరు. ఏ గీత ఎక్కడ పడొచ్చు, ఎక్కడ పడకూడదు అని చెప్పేదే వ్యాకరణం. ఇంగ్లీషు పాఠాలు చూసి మొదలుపెట్టినవాళ్లు మాటల వరుస మీద నియమాలు రాసుకుని వారంలో చేతులెత్తేస్తారు. తెలుగులో గీత గీసేది వరుస కాదు, మాట చివర ఉన్న ప్రత్యయం, వాక్యం చివర ఉన్న క్రియ. కింద చెప్పినదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

కావలసినవి: పైథాన్, అందులో నెట్‌వర్క్‌ఎక్స్, సైపై లైబ్రరీలు, బొమ్మలు గీయడానికి గ్రాఫ్‌విజ్. మామూలు లాప్‌టాప్ చాలు. చేతితో రాసుకున్న 200 వాక్యాలు కావాలి. తెల్లకాగితాలు కూడా తెచ్చుకోండి. మొదటి 30 వాక్యాలు కాగితం మీద గీయకుండా ప్రోగ్రాం మొదలుపెట్టకండి.

1. ముందు అక్షరాలు శుభ్రం చేయండి

సగం తప్పులు వ్యాకరణంలో ఉండవు, ఇక్కడే ఉంటాయి. పైథాన్‌తో వచ్చే మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాలు వెతికే పనిముట్టు) గుణింతపు గుర్తుల్ని అక్షరాలుగా లెక్కపెట్టదు. మాటల్ని దానితో ఏరితే "నీళ్లు" అన్న మాట గుడిదీర్ఘం దగ్గర, పొల్లు దగ్గర, కొమ్ము దగ్గర తెగి "న", "ళ", "ల" అని ముక్కలై బయటికొస్తుంది. ఖాళీల దగ్గర మాత్రమే కోయండి, లేదా విడిగా దొరికే రెజెక్స్ లైబ్రరీ వాడండి.

తరవాత మూడు పనులు. అన్ని మాటల్నీ యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఒకే అక్షరానికి ఒకే కోడ్ ఉండే రూపం) మార్చండి. ఐత్వం ఒకే గుర్తుగా వచ్చినా రెండు ముక్కలుగా వచ్చినా కంటికి ఒకేలా కనిపిస్తుంది, కంప్యూటరుకు మాత్రం వేరు. కంటికి కనపడని వెడల్పులేని ఖాళీలు కూడా అంతే. పదకోశంలో వెతికేముందు వాటిని తీసేయండి. ఇక "నీళ్లు", "నీళ్ళు" రెండూ జనం రాస్తారు. ఏదో ఒకదాన్ని ఖాయం చేసుకుని రెండోదాన్ని దానిలోకి మార్చండి.

గోదావరి యాస దగ్గర తొందరపడొద్దు. "నీళ్లు వత్తన్నాయి" అంటే వస్తున్నాయి, "మందు కొట్టిత్తన్నారు" అంటే కొట్టిస్తున్నారు. "త్త" కనపడగానే "స్త" చేసే నియమం రాస్తే "కొత్త", "మొత్తం", "విత్తనాలు" అన్నీ పాడవుతాయి. క్రియ చివర్లకే దాన్ని పరిమితం చేయండి. అప్పుడు కూడా "ఎత్తారు" లాంటిది అడ్డం వస్తుంది. "షట్టరు ఎత్తారు" అంటే పైకి లేపారు, "మేత ఎత్తారు" అంటే మేత వేస్తారు కావచ్చు. ఇలాంటి చోట మీరే తేల్చేయకండి. ఆ చోటు దగ్గర దారిని రెండుగా చీల్చి "ఎత్తారు", "వేస్తారు" రెండూ పక్కపక్కన పెట్టండి. ఇన్‌పుట్ ఇక తిన్నని వరుసగా ఉండదు, కాలువ రెండు పాయలై మళ్లీ కలిసినట్టు ఉంటుంది. ఏ పాయ నిజమో తరవాతి మెట్లలో క్రియ చెబుతుంది.

2. మాటను నోడుగా విడగొట్టడం

ఖాళీల మధ్య ఉన్నదంతా ఒక నోడు కాదు. "నీళ్లొచ్చాయి" అంటే నీళ్లు, వచ్చాయి అని రెండు నోడులు. "ఎన్నింటికొస్తాయి" కూడా అంతే. "ఎండిపోయింది", "తెగిపోయింది", "కట్టేశారు" మాత్రం చూడటానికి రెండు క్రియలున్నా ఒకటే నోడు, మొదటి క్రియ లెక్కలోకే వస్తుంది. ఇక్కడ డెల్టాకే చెల్లే చిక్కు ఒకటుంది. "కాలువ కట్టారు" అంటే తవ్వి కట్టారనే అనుకుంటాం, "కాలువ కట్టేశారు" అంటే నీళ్లు ఆపేశారని. అందుకని పదకోశంలో "కట్టేయు"కు విడిగా ఒక వరుస ఇవ్వండి.

చివరి "అండి"ని కోసి, క్రియ నోడు మీద మర్యాద గుర్తుగా పెట్టుకోండి. "రాలేదండి" అంటే "రాలేదు"కు మర్యాద గుర్తు. మాట చివర "ండి" ఉందని గుడ్డిగా కోసేస్తే "నారుమడి ఎండి పోయింది"లో "ఎండి" పోతుంది, "బండి" పోతుంది, "రండి" కూడా పోతుంది. కోశాక మిగిలినదానికి ఉకారం గాని ఇకారం గాని చేర్చి చూడండి. అది పదకోశంలో ఉన్న మాటైతేనే కోత చెల్లుతుంది.

3. ప్రత్యయాల పట్టిక

బళ్లో వల్లెవేసిన "డు, ము, వు, లు ప్రథమా" పట్టిక ఇక్కడ సగమే పనికొస్తుంది. అది ప్రత్యయానికి ఒక విభక్తి పేరు చెప్పి ఊరుకుంటుంది. మనకు కావలసింది ఆ ప్రత్యయం ఏయే గీతలకు దారి ఇస్తుందన్నది. ఇలా రాసుకోండి:

శూన్యం (ప్రత్యయం ఏమీ లేదు): కర్త, లేదా కర్మ, లేదా పక్క నామానికి విశేషణం ("కాలువ నీళ్లు").
ని, ను: కర్మ.
తో: సాధనం ("ఇంజనుతో తోడాడు"), తోడు ("తమ్ముడితో వచ్చాడు").
లో, మీద, దగ్గర: అధికరణం.
నుంచి: అపాదానం, అంటే బయలుదేరిన చోటు.
కు, కి: దీనికి ఒక పేజీ వదలండి.

"కు" తెలుగులో అన్నిటికన్నా అల్లరి ప్రత్యయం. "సోమవారానికి ఊడ్పులకు మా చేలకు నీళ్లు వదలాలి" అన్న వాక్యంలో మూడు "కు"లున్నాయి. ఒకటి గడువు, ఒకటి ప్రయోజనం, ఒకటి గమ్యం. "ఎకరానికి 30 బస్తాలు"లో అది లెక్క. "నాకు తెలుసు"లో అది తెలుసుకున్న మనిషి. ప్రత్యయాన్ని ఎంత చూసినా ఇది తేలదు, నామం ఏ జాతిదో చూడాలి. అందుకే పదకోశంలో ప్రతి నామానికీ మనిషి, జంతువు, వస్తువు, చోటు, కాలం, పని, కొలత అన్న ఏడింటిలో ఒక గుర్తు పెట్టండి. సోమవారం కాలం కాబట్టి గడువు, ఊడ్పు పని కాబట్టి ప్రయోజనం, చేను చోటు కాబట్టి గమ్యం.

కొన్ని నామాలకు రెండు గుర్తులు పెట్టక తప్పదు. "రొయ్యలు మేత తినలేదు"లో రొయ్య ప్రాణి, తినేది అదే. "రొయ్యలు పట్టాడు"లో అది సరుకు. ప్రాణి కర్మ అయితే తెలుగులో మామూలుగా "ని" తగలాలి. పాము కప్పని మింగుతుంది గాని కప్ప మింగదు. రొయ్య, చేప, కోడి మాత్రం సరుకైపోయినప్పుడు "ని" లేకుండానే తిరుగుతాయి.

4. క్రియ చట్రాలు

ప్రతి క్రియకూ అది అడిగే గదులు రాయాలి. 40 క్రియలతో మొదలుపెట్టండి: వచ్చు, వెళ్లు, వదులు, ఇచ్చు, అడుగు, కట్టు, తెగు, ఎండు, పోయు, తోడు, కొట్టు, తిను, చెప్పు, పట్టు, అమ్ము, ఇలా. ఉదాహరణకు "వదులు" చట్రం ఇది. కర్త: శూన్య ప్రత్యయం, మనిషి. కర్మ: శూన్యం లేదా "ని", వస్తువు. గమ్యం: "కు" లేదా "లోకి", చోటు, ఉన్నా లేకున్నా ఫరవాలేదు.

కర్త గది తప్పనిసరి అని రాసి ఊరుకుంటే "నీళ్లు వదిలారు" అన్న వాక్యానికి పార్సర్ (వాక్యాన్ని విడదీసే ప్రోగ్రాం) చేతులెత్తేస్తుంది. తెలుగులో కర్తను చెప్పకుండా వదిలేయడం మామూలు. అందుకని ప్రతి తప్పనిసరి గదికీ ఒక శూన్య నోడు సిద్ధంగా ఉంచండి. అసలు మాట దొరికితే అది కూర్చుంటుంది, దొరకకపోతే శూన్యం కూర్చుంటుంది.

క్రియ తోక కూడా కర్తను పట్టిస్తుంది. "ఆడు" అంటే మగవాడు ఒకడు. "ఇంది" అంటే ఆడమనిషి గాని, మనిషి కానిది ఒకటి గాని. "ఆరు" అంటే మనుషులు పలువురు, లేదా "గారు" తగిలిన ఒక్కరు. "ఆయి" అంటే మనిషి కానివి పలు. నీళ్లు, వడ్లు, పాలు ఎప్పుడూ బహువచనమే కాబట్టి వాటికి "ఆయి" తప్ప ఇంకోటి పడదు.

దీని మీద మరీ భరోసా పెట్టుకోకండి. "లేదు"తో ముగిసే వాక్యాల్లో ఈ తోక ఉండదు. లస్కరు రాలేదు, నీళ్లు రాలేదు, లక్ష్మి రాలేదు: మూడిటికీ ఒకే రూపం. "కావాలి", "వదలాలి" కూడా అంతే. మనకు వచ్చే కబుర్లలో ఎక్కువ భాగం ఫిర్యాదులు, ఫిర్యాదు అంటేనే "లేదు". అంటే అన్నిటికన్నా గట్టి ఆధారం అవసరమైన చోటే దొరకదు. నామాల జాతి గుర్తుల మీద అంత పట్టుదల ఎందుకంటే ఇందుకే.

5. గదుల్లో మాటల్ని కూర్చోబెట్టడం

"నిన్న లస్కరు మా బోదెకు నీళ్లు వదిలాడు." ఎడమవైపు నామాలు, కుడివైపు "వదులు" గదులు. ఒక్కో మాటా ఒక్క గదిలోనే, ఒక్కో గదిలో ఒక్క మాటే. దీన్ని ద్విభాగ గ్రాఫులో జోడింపు అంటారు. పాణిని కారకాలను ఇలా జోడింపు లెక్కగా మార్చవచ్చని అక్షర భారతి బృందం 1990లలోనే చూపింది.

మార్కులు ఇలా వేయండి. ప్రత్యయం సరిపోతే 4, జాతి సరిపోతే 3, క్రియ తోకతో పొసిగితే 5, క్రియకు ఆనుకుని ఉన్న మాట కర్మ గదిలో పడితే 1. "ని" లేని మనిషి కర్మ గదిలోకి వస్తే మైనస్ 6. మనిషి కానిది మనిషి గదిలోకి వస్తే మైనస్ 5. శూన్య నోడుకు 1. తోకతో పొసగకపోతే ఆ గీతే వద్దు.

లస్కరు కర్త: 4, 3, 5 కలిసి 12. నీళ్లు కర్త: "వదిలాడు"కు బహువచనం పొసగదు కాబట్టి గీత లేదు. నీళ్లు కర్మ: 4, 3, 1 కలిసి 8. లస్కరు కర్మ: 4లోంచి 6 పోతే మైనస్ 2. లస్కరు కర్త, నీళ్లు కర్మ జోడికి 20. బోదె చోటు కాబట్టి గమ్యంలో కూర్చుంటుంది. "మా" బోదెకు తగులుతుంది, "నిన్న" క్రియకు.

ఇప్పుడు "వదిలాడు" తీసి "వదల్లేదు" పెట్టండి. తోక మార్కులు పోతాయి. లస్కరు కర్త 7, నీళ్లు కర్మ 8, మొత్తం 15. తారుమారు చేస్తే నీళ్లు కర్త 4 మైనస్ 5, అంటే మైనస్ 1, లస్కరు కర్మ మైనస్ 2, మొత్తం మైనస్ 3. జాతి గుర్తులే వాక్యాన్ని నిలబెట్టాయి. అవి లేకపోతే రెండు జోడింపుల మధ్య తేడా 1 మార్కే. అది కూడా నీళ్లు క్రియ పక్కనే ఉన్నందుకు. "నీళ్లు లస్కరు వదల్లేదు" అనేసరికి అదీ తిరగబడుతుంది.

మూడు గదులుంటే చేత్తో చూసుకోవచ్చు. ఎక్కువుంటే సైపైలోని లీనియర్ సమ్ అసైన్‌మెంట్‌కు పట్టిక ఇవ్వండి. అది మామూలుగా ఖర్చు తగ్గించే జోడింపు వెతుకుతుంది. మార్కులు పెంచమని చెప్పడం మరిచిపోతే అన్నిటికన్నా చెత్త పార్సు తెచ్చి ఇస్తుంది, ఎర్రరేమీ చూపించకుండా.

6. వాక్యంలో వాక్యం: తోక నుంచి మొదలుపెట్టండి

ఒక్క క్రియ ఉన్న వాక్యాలకు పైది చాలు. "నిన్న లస్కరు వదిలిన నీళ్లు చేలోకి రాలేదు" లాంటి వాటికి వాక్యం లోపల వాక్యం ఉంటుంది. దీనికి వ్యాకరణాన్నే గ్రాఫుగా గీయాలి. గుండ్రాలు స్థితులు, వాటి మధ్య బాణాల మీద మాట రకం గాని, ఇంకో గ్రాఫు పేరు గాని ఉంటుంది. 1970లో విలియం వుడ్స్ రాసిన సంక్రమణ వలలు ఈ కోవవే.

పుస్తకాల్లో ఉన్నట్టు ఎడమ నుంచి కుడికి గీస్తే తెలుగులో వెంటనే బోర్లా పడతారు. నామబంధం అంటే ముందు విశేషణ వాక్యం రావచ్చు. విశేషణ వాక్యం నామబంధంతో మొదలుకావచ్చు. ఆ నామబంధం ముందు మళ్లీ విశేషణ వాక్యం. ప్రోగ్రాం ఒక్క మాట కూడా చదవకుండానే తనను తాను పిలుచుకుంటూ పైథాన్ రికర్షన్ హద్దు దగ్గర చచ్చిపోతుంది. మీ కోడ్‌లో ఆ ఎర్రరు కనపడితే కారణం ఇదేనని తొంభై పాళ్లు అనుకోవచ్చు.

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టని ఎగతాళి చేస్తాం గాని ఈ పనిలో తోకే ఒడ్డుకు చేరుస్తుంది. వాక్యాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి.

వాక్యం వల: మొదలు నుంచి "క్రియ" బాణం మీద 1వ స్థితికి. 1 నుంచి మళ్లీ 1కే మూడు బాణాలు: నామబంధం వల, కాలం మాట, "వెళ్లి, పడి" లాంటి క్త్వార్థ క్రియతో ముగిసే వాక్యం వల. 1వ స్థితిలో ఆగిపోవచ్చు.

నామబంధం వల: మొదలు నుంచి "నామం, విభక్తి" బాణం మీద 1కి. 1 నుంచి 1కే విశేషణం, సంఖ్య, "మా, రైతుల" లాంటి షష్ఠి రూపం. 1 నుంచి 2కి విశేషణ వాక్యం వల, అంటే "వదిలిన, వచ్చే, రాని" లాంటి క్రియతో ముగిసేది. 1లోనూ 2లోనూ ఆగిపోవచ్చు.

ఏ వలలోకి దిగినా మొదటి అడుగులోనే ఒక మాట ఖర్చవుతుంది. కాబట్టి అంతులేని పిలుపు ఉండదు. క్రియ లేని వాక్యానికి ("మాది శివారు భూమి") చివరి నామాన్నే క్రియ స్థానంలో పెట్టే ఒక బాణం చేర్చుకోండి.

"నిన్న" అన్నది వదిలిన రోజా, రాని రోజా? రెండు పార్సులూ సరైనవే. ఏదో ఒకటి పట్టుకుని ముందుకుపోకుండా చార్టులో రెండూ రాసిపెట్టండి. ఏ వల, ఏ మాట నుంచి ఏ మాట దాకా పట్టింది అన్నదే చార్టులో ఒక వరుస. 6 మాటల వాక్యంలో తుంటలు (పక్కపక్క మాటల ముక్కలు) 21 మాత్రమే. చార్టు లేకుండా వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నించే పద్ధతి రాస్తే 12 మాటల వాక్యం దగ్గరే నత్తనడక పడుతుంది. చివర ఒకటే కావాలంటే దగ్గరి క్రియకు తగిలినదాన్ని ఎంచుకోండి.

7. గీతలు అడ్డంగా దాటుకున్నప్పుడు

"నీళ్లు లస్కరు రేపు వస్తాయని చెప్పాడు." నోటిమాటలో ఇది సహజంగా వస్తుంది. నీళ్లు "వస్తాయి"కి చెందుతాయి, మధ్యలో ఉన్న లస్కరు "చెప్పాడు"కు చెందుతాడు. గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి. పై వలలు దీన్ని పట్టలేవు, ఎందుకంటే అవి పక్కపక్క మాటల తుంటల్నే చూస్తాయి.

ఇక్కడ వల వదిలేసి, అన్ని మాటల మధ్యా అన్ని గీతలూ గీసి, ఒక్కోదానికి మార్కు వేసి, ఎక్కువ మార్కులొచ్చే చెట్టును, అంటే ప్రతి మాటకూ పైనుంచి ఒకే గీత ఉండి సుడులు లేని గ్రాఫును, ఏరండి. 2005లో రయాన్ మెక్‌డొనాల్డ్, సహచరులు వాక్యాల మీద ఇది చేసి చూపారు. లోపలి అల్గారిదం 1965లో చూ, లియూ, 1967లో ఎడ్మండ్స్ విడివిడిగా కనిపెట్టినదే. లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చేత్తో చేస్తే తరవాత తప్పులు పట్టుకోవడం సులువు. "కాలువ నీళ్లు వచ్చాయి" తీసుకోండి. అన్నిటికీ పైన "మూలం" అనే ఉత్తుత్తి నోడు ఒకటి పెట్టండి.

మూలం నుంచి: వచ్చాయికి 9, నీళ్లుకు 4, కాలువకు 2.
వచ్చాయి నుంచి: నీళ్లుకు 8, కాలువకు 5.
నీళ్లు నుంచి: కాలువకు 7, వచ్చాయికి 1.
కాలువ నుంచి: నీళ్లుకు 9, వచ్చాయికి 1.

ప్రతి మాటా తనలోకి వచ్చే అన్నిటికన్నా బరువైన గీతను ఎంచుకుంటే: వచ్చాయి మూలం నుంచి 9 తీసుకుంటుంది, నీళ్లు కాలువ నుంచి 9, కాలువ నీళ్లు నుంచి 7. కాలువ, నీళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని సుడి తిరిగాయి, మూలంతో తెగిపోయాయి. ఇప్పుడు ఆ రెంటినీ కలిపి ఒకే ముద్దగా చూడండి. బయటి నుంచి ఆ ముద్దలోకి ఎటు దిగితే లాభం? వచ్చాయి నుంచి నీళ్లులోకి దిగితే 8, లోపల నీళ్లు నుంచి కాలువకు 7, మొత్తం 15. వచ్చాయి నుంచి కాలువలోకి దిగితే 5, లోపల కాలువ నుంచి నీళ్లుకు 9, మొత్తం 14. మూలం నుంచి ఎటు దిగినా 11. కాబట్టి 15. పైన ఉన్న 9 కలిపితే చెట్టు మొత్తం 24. కాలువ నుంచి నీళ్లుకు 9 ఉన్నా ఆ గీత ఓడిపోయింది, ఓడిపోవాల్సిందే.

నెట్‌వర్క్‌ఎక్స్‌లో మాగ్జిమమ్ స్పానింగ్ ఆర్బరెసెన్స్ అన్న ఫంక్షన్ ఈ పని చేసిపెడుతుంది. దానితో రెండు జాగ్రత్తలు. మూలంలోకి వచ్చే గీత ఒక్కటి కూడా పెట్టకండి. మూలం నుంచి రెండు మూడు గీతలు బయలుదేరినా అది ఊరుకుంటుంది, మనకు ఒక్కటే కావాలి. మూలం గీతలన్నిటి నుంచీ 1000 తీసేయండి. కనీసం ఒకటి తప్పదు కాబట్టి ఒకటే తీసుకుంటుంది, రెండోది తీసుకోవడానికి జంకుతుంది.

మార్కులు చేతితో వేస్తే 200 వాక్యాల దాకా లాగొచ్చు. ఆ పైన నేర్పించుకోవాలి. యూనివర్సల్ డిపెండెన్సీస్ సేకరణలో తెలుగుకు 1328 వాక్యాల ట్రీబ్యాంకు (ముందే గీతలు గీసిపెట్టిన వాక్యాల నిధి) ఉంది. అందులోవి వ్యాకరణ గ్రంథపు ఉదాహరణ వాక్యాలు, సగటున ఒక్కోటి అయిదు మాటలు. పునాదికి బాగుంటుంది గాని "వత్తన్నాయండి" అక్కడ దొరకదు. మీ 200 వాక్యాలు దానికి తోడు చేయండి.

8. చెట్టు చాలనప్పుడు

చెట్టులో ప్రతి మాటకూ పైన ఒక్క గీతే. భాష అలా ఉండదు. "రైతు లాకు దగ్గరికి వెళ్లి నీళ్లు అడిగాడు"లో వెళ్లింది రైతే, అడిగిందీ రైతే. "లస్కరు వదిలిన నీళ్లు రాలేదు"లో నీళ్లు వదిలినదానికి కర్మ, రానిదానికి కర్త. ఎవరు ఏం చేశారన్న పట్టిక నింపాలంటే రెండో గీత కావాలి.

దీనికి హైపర్ఎడ్జ్ మార్పిడి వ్యాకరణం సరిపోతుంది. పేరే పెద్దది. "వాక్యం" అని రాసిన ఒక డబ్బా, దానికి రెండు చేతులు. ఒక చేయి క్రియను, ఇంకోటి కర్తను పట్టుకుంటాయి. నియమం ఏమంటుందంటే, ఆ డబ్బా తీసేసి అక్కడ ఒక చిన్న గ్రాఫు అతికించు, చేతులున్న చోట్లను అదే నోడులతో కలుపు. క్త్వార్థ నియమానికి అతికించే గ్రాఫులో మూడు గీతలు: అడుగు నుంచి రైతుకు కర్త, వెళ్లు నుంచి అదే రైతుకు కర్త, అడుగు నుంచి వెళ్లుకు "ముందు పని".

ఈ నియమాన్ని ఎక్కడపడితే అక్కడ వాడితే "వర్షం పడి గట్టు తెగింది" దగ్గర పడింది గట్టే అని తేలుతుంది. షరతు ఇలా పెట్టండి: రెండు క్రియల కర్త గదుల్లో ఒకటి శూన్య నోడు అయితేనే పంచుకోవాలి. రైతు వాక్యంలో రెండు క్రియలకూ కలిపి దొరికిన మనిషి ఒక్కడే, కాబట్టి ఒక గది ఖాళీ, పంచుకుంటుంది. వర్షం వాక్యంలో రెండు గదులూ నిండాయి, పంచుకోదు. అక్కడ "ముందు పని" బదులు "కారణం" అని గీత పేరు మార్చండి.

విశేషణ వాక్యానికి చట్రంలో ఏ గది ఖాళీగా ఉందో చూడండి. "లస్కరు వదిలిన నీళ్లు"లో కర్మ ఖాళీ, నీళ్లు అందులోకి. "నీళ్లు వదిలిన లస్కరు"లో కర్త ఖాళీ. "నీళ్లు వదిలిన కాలువ"లో కర్త ఖాళీయే గాని కాలువ మనిషి కాదు, గమ్యంలోకి వెళ్తుంది. ఖాళీ గది కనపడగానే నింపేసే కోడ్ రాస్తే కాలువే నీళ్లు వదులుతుంది.

ఒక హెచ్చరిక. ఇచ్చిన గ్రాఫును ఇలాంటి వ్యాకరణంతో వెనక్కి విడదీయడం సాధారణ రూపంలో ఎన్‌పీ-కంప్లీట్. అంటే గ్రాఫు పెరిగేకొద్దీ పని అంతూపొంతూ లేకుండా పెరిగిపోవచ్చు. ఆ వైపు పోకండి. మాటల వరుసను 6లోని చార్టుతో విడదీసి, ప్రతి నియమం వాడినప్పుడల్లా దాని జత గ్రాఫును అతికిస్తూ పోతే పని తేలిక. ఫలితాన్ని కోనెల్-యూ రూపంలో (మాటకో అడ్డవరుస ఉండే పట్టిక) దాచుకోండి. 10 నిలువు వరుసల్లో 7వ దానిలో చెట్టు గీత, 9వ దానిలో అదనపు గీతలు.

9. పరీక్ష

200 వాక్యాల్లో 50 పక్కన పెట్టి, అన్నీ అయ్యేదాకా వాటి ముఖం చూడకండి. మిగతావాటికి ఇద్దరు మనుషులు విడివిడిగా గీతలు గీయాలి. ఇద్దరికీ నూటికి 90 గీతలు కలవకపోతే పార్సర్‌ను తిట్టి లాభం లేదు, మీ నియమాలు మీకే అర్థం కాలేదని లెక్క.

గీత సరైన చోట పడిందా అన్నది ఒక లెక్క, పేరుతో సహా సరిగ్గా పడిందా అన్నది ఇంకో లెక్క. రెండూ విడిగా రాయండి. 8వ మెట్టు గీతలకు మాటల్ని కాక గీతల్ని లెక్కపెట్టాలి: పడినవాటిలో సరైనవి ఎన్ని, పడాల్సినవాటిలో పడినవి ఎన్ని.

తరవాత తెలుగుకే పనికొచ్చే పరీక్ష. సరిగ్గా విడదీసిన వాక్యం తీసుకుని క్రియను కదపకుండా ముందున్న బంధాల వరుస మార్చండి. "మా బోదెకు నిన్న నీళ్లు లస్కరు వదిలాడు." గ్రాఫు మారకూడదు. మారిందంటే మీ మార్కుల్లో ఎక్కడో వరుస మీద మోజు మిగిలిపోయింది. ముందు 5లో పక్కమాటకు ఇచ్చిన 1 మార్కు మీద అనుమానపడండి, దాన్ని సున్నా చేసి మళ్లీ నడపండి. "బోదెకు మా" అని బంధం లోపల మాత్రం తిప్పకండి, అది తెలుగే కాదు.

తప్పిన వాక్యాల పక్కన కారణం రాయండి: అక్షరం, కోత, జాతి గుర్తు, చట్రం, వల, మార్కు. అయిదారు తప్పులు ఒకే కారణం కిందికి చేరేదాకా నియమం ముట్టుకోకండి. ఒక్క వాక్యం కోసం రాసిన నియమం ఇంకో మూడింటిని పాడుచేస్తుంది. ఇక "చేలో మందు కొట్టాడు", "రాత్రి మందు కొట్టాడు" రెండిటికీ మందు కర్మగానే వస్తుంది. అది తప్పుల పట్టికలోకి రాదు. ఏ మందో తేల్చడం వ్యాకరణం పని కాదు.